మొదటి టర్న్‌టేబుల్: ముందు రికార్డుల పెట్టె తెరవండి

మొదటి టర్న్‌టేబుల్ ఏది కొనమంటారని అడిగేవాళ్లు సాధారణంగా ఫోన్‌లో రెండు మూడు యంత్రాల ఫోటోలు చూపిస్తారు. వాటి మీద ఏ రికార్డులు మోగించబోతున్నారో చూపించేవాళ్లు తక్కువ. నన్నడిగితే లెక్క అక్కడే మొదలవ్వాలి. తాతగారి నాటి పద్యాల ప్లేట్లు ట్రంకుపెట్టెలో దాచుకున్న మనిషికీ, 1980ల నాటి ఎల్పీలు ఒక అర నిండా ఉన్న మనిషికీ, కొత్తగా ముద్రించిన రికార్డు ఒకటి కొని ఇంకా కవరు కూడా విప్పని మనిషికీ ఒకే యంత్రం నప్పదు. ఆ తేడా పట్టించుకోకుండా ‘బెల్టా, డైరెక్టా’ అన్న చర్చలోకి దిగితే ఎంతసేపు మాట్లాడినా తెమలదు.

తెలుగిళ్లలో దొరికే రికార్డులు మూడు రకాలు. పాతవి 78లు. నిమిషానికి 78 చుట్లు తిరిగే లక్క ప్లేట్లు. పది అంగుళాల ప్లేటు మీద ఒక్కో వైపు పట్టేది మూడు నిమిషాల చిల్లర. ఘంటసాల గొంతులో కరుణశ్రీ ‘పుష్పవిలాపం’ ఊరూరా మోగింది ఈ ప్లేట్ల మీదే. నాటక పద్యాలు, తొలినాళ్ల సినిమా పాటలు కూడా అంతే. ఇంగ్లండు, అమెరికాలు 78లను వదిలేశాక కూడా మన దేశంలో అవి కొంతకాలం సాగాయి. 1960లలో బీటిల్స్ పాటలు సైతం ఇక్కడ 78 మీద వెలువడ్డాయి. రెండో రకం 45 చుట్ల ఏడంగుళాల ఈపీలు. సినిమా పాటల సింహభాగం ఈ సైజులోనే ఇంటికి వచ్చేది. మూడోవి 33⅓ చుట్ల ఎల్పీలు. కొలంబియా కంపెనీ ఎల్పీని 1948లో అమెరికాలో ప్రవేశపెట్టింది, ఆ మరుసటి ఏడే ఆర్సీఏ విక్టర్ 45ను తెచ్చింది. ఎమ్మెస్ సుబ్బులక్ష్మి వేంకటేశ సుప్రభాతం 1963లో ఎల్పీగా వచ్చింది. ఘంటసాల భగవద్గీత, తిరుమల దేవస్థానం కోసం ఎమ్మెస్ పాడిన బాలాజీ పంచరత్నమాల, ‘శంకరాభరణం’ పాటలు ఎల్పీల కాలానివే.

ఈ చరిత్ర అంతా ఇక్కడెందుకంటే, 78 గాడి వేరు, ఎల్పీ గాడి వేరు. ఎల్పీకి వాడే ముల్లు మొన వ్యాసార్ధం దాదాపు 18 మైక్రాన్లు. 78కి కావలసింది 75 మైక్రాన్లు, అంటే నాలుగింతలు. ఎల్పీ ముల్లును 78 మీద పెడితే అది గాడి గోడలకు ఆనకుండా అడుక్కి దిగి అక్కడి మట్టిని దున్నుకుంటూ పోతుంది. పాట కన్నా గరగర ఎక్కువ వినిపిస్తుంది. 78 ముల్లును ఎల్పీ మీద పెడితే ఆ ఎల్పీ పని అయిపోయినట్టే. కాబట్టి ఇంట్లో 78లు ఉన్నవాళ్లు చూడవలసినవి రెండు: యంత్రానికి 78 వేగం ఉందా, ముల్లును పట్టి ఉంచే దాని కార్ట్రిడ్జ్‌కి 78 ముల్లు విడిగా దొరుకుతుందా. ఇవాళ అమ్ముతున్న బెల్ట్ యంత్రాల్లో చాలావాటికి మొదటిదే ఉండదు. 78లు లేనివాళ్లు ఈ పేరా మొత్తం మరిచిపోయి హాయిగా ముందుకు వెళ్లవచ్చు.

రికార్డుల సంగతి తేలాక యంత్రంలో నేను మొదట చూసేది బరువు. యంత్రం బరువు కాదు, రికార్డు మీద ముల్లు ఆనే బరువు. నేటి మంచి కార్ట్రిడ్జ్‌లు రెండు గ్రాములకు అటూ ఇటూగా అడుగుతాయి. ఆడియో టెక్నికా వీఎం95ఈకి 2 గ్రాములు, ఆర్టోఫాన్ 2ఎం రెడ్‌కి 1.8. చిన్న సూట్‌కేసు ఆకారంలో, స్పీకర్లు లోపలే ఉండి, లేత రంగుల్లో ముచ్చటగా కనిపించే చవక ప్లేయర్లలో ఇది ఐదు గ్రాముల దాకా, కొన్నిట్లో అంతకు మించి ఉంటుంది. వాటిలో ఉండేది సిరామిక్ కార్ట్రిడ్జ్. దాని ముల్లు బిరుసు, సులువుగా వంగదు. పైగా స్పీకర్లు అదే పెట్టెను కుదిపేస్తుంటే ముల్లు ఎగిరిపోకుండా బరువుతో తొక్కిపట్టి ఉంచాలి. ఆ బరువు తగ్గించుకునే ఏర్పాటు కొనేవాడి చేతిలో ఉండదు.

ఇలాంటి ప్లేయర్ మీద ఒక్కసారి వేస్తే రికార్డు పాడైపోతుందని చెప్పేవాళ్ల మాట నేను నమ్మను. పిల్లలు ఆడుకోవడానికీ, ఎప్పుడో అరిగిపోయిన పాటల ప్లేట్లకీ అది చాలు. కానీ మళ్లీ దొరకని రికార్డును దాని మీద పదేపదే వేస్తే మొదట పోయేవి గాడిలోని అతి సన్నని అలలు, అంటే పై స్థాయి నాదం. తాళం గలగల, వీణ మీటులోని పదును పోయాక తిరిగి రావు. మన దేశపు పాత రికార్డుల్లో చాలావాటికి ఈ దెబ్బ ఇదివరకే తగిలింది. హెచ్‌ఎంవీ ఫియెస్టా, కాలిప్సో వంటి ప్లేయర్లు ఆ కాలపు ఇళ్లకు పాటను తెచ్చిన మాట నిజం. అవీ బరువైన ముల్లు జాతివే, అరిగిన ముల్లును ఏళ్ల తరబడి మార్చకుండా వాడిన ఇళ్లూ ఎక్కువే. ఆ అరుగుదలను ఏ ఖరీదైన యంత్రమూ పూడ్చలేదు. ఒక చిన్న ఊరట మాత్రం ఉంది. పాత గుండ్రటి ముల్లు తాకని చోట గోడను తాకే సన్న మొన ముల్లు పెడితే, కొన్ని రికార్డులు ఊహించనంత బాగా పలుకుతాయి.

ముల్లు ఆకారం గురించి రెండు మాటలు ఇక్కడే చెప్పుకోవచ్చు. గుండ్రటి మొన చవక, మొండిది. అండాకారపు మొన గాడిలోని సన్నని మలుపులను మెరుగ్గా అందుకుంటుంది. తేడా ఎక్కువగా వినిపించేది ప్రతి వైపూ చివరి పాటలో. ఎల్పీ ఒకే వేగంతో తిరుగుతున్నా, బయటి అంచు దగ్గర ముల్లు కింద సెకనుకు 51 సెంటీమీటర్ల గాడి జారుతుంది, లోపలి అంచుకు వచ్చేసరికి అది 21 సెంటీమీటర్లకు పడిపోతుంది. అదే పాట సగం కన్నా తక్కువ చోటులో ఇరుక్కోవాలి. అందుకే చివరి పాటలో స, శ, ష అక్షరాలు బుసకొడతాయి. గుండ్రటి ముల్లుతో వింటున్నవాళ్లు ఈ బుసను గాయకుడి మీదికో రికార్డింగు మీదికో నెట్టేస్తుంటారు.

తర్వాతిది వేగం. మన సంగీతం ఈ విషయంలో యంత్రాన్ని చాలా కఠినంగా పరీక్షిస్తుంది. డ్రమ్ములు, గిటార్లు హోరెత్తే పాటలో వేగం కాస్త ఊగినా చెవి పట్టుకోదు. వెనక తంబూరా నిలకడగా మోగుతూ, ముందు చిట్టిబాబు వీణ తీగ ఒక స్వరాన్ని సాగదీస్తుంటే, ఆ ఊగిసలాట దాగడానికి చోటుండదు. వేగం ఒక శాతం తప్పితే శ్రుతి స్వరస్థానంలో ఆరో వంతు జరుగుతుంది. సంగీతం నేర్చుకున్న చెవికి అది తెలుస్తుంది. యంత్రాల వివరాల్లో ‘వావ్ అండ్ ఫ్లట్టర్’ పేరుతో ఇచ్చే అంకె ఈ ఊగిసలాటదే. చవకగా దొరికే మంచి యంత్రాల్లో అది 0.2, 0.25 శాతం దగ్గర ఉంటుంది. టెక్నిక్స్ ఎస్‌ఎల్-1200 కి 0.025.

ఈ అంకెల వేలంవెర్రిలో పడేముందు రికార్డు మధ్య ఉన్న చిల్లును కూడా చూడాలి. చిల్లు నట్టనడుమ లేకుండా అర మిల్లీమీటరు పక్కకు జరిగితే చాలు, గాడి మధ్యభాగంలో వేగం దాదాపు 0.5 శాతం అటూ ఇటూ ఊగుతుంది. అంటే 1.8 సెకన్లకు ఒకసారి, ప్రతి చుట్టుకూ, శ్రుతి లేచి పడుతుంది. చవక యంత్రపు లోపం కన్నా ఇది దాదాపు రెట్టింపు. జపాన్ కంపెనీ నకామిచి 1980ల తొలి ఏళ్లలో రికార్డును తానే నడిమికి జరుపుకునే టర్న్‌టేబుల్ ఒకటి చేసింది. అద్భుతమైన యంత్రం, మామూలు ఇళ్లకు అందని ధర. మిగతా లోకమంతా చిల్లు సరిగా ఉన్న రికార్డు దొరకాలని కోరుకుంటూ గడిపేస్తోంది. తక్కువ ధర యంత్రం మీద వీణ ఊగినట్టు వినిపిస్తే యంత్రాన్ని తిట్టేముందు ఇంకో రికార్డు వేసి చూడండి.

ఇప్పుడు బెల్టు, డైరెక్టు తగాదా. పళ్లెం ఎలా తిరగాలి అన్నదానికి మూడు జవాబులు వచ్చాయి. మొదట మోటారుకూ పళ్లేనికీ మధ్య రబ్బరు చక్రం పెట్టారు. ఇంగ్లండులో గారార్డ్ 301, స్విట్జర్లాండులో థోరెన్స్ టీడీ 124 ఆ దారిలో ఇప్పటికీ మొక్కదగ్గ యంత్రాలు. 1961లో అమెరికాలో ఎడ్గార్ విల్చర్ తన ఏఆర్ టర్న్‌టేబుల్‌లో పళ్లేన్నీ, ముల్లును మోసే చేతినీ కలిపి స్ప్రింగుల మీద వేలాడదీసి, సన్నని బెల్టుతో తిప్పాడు. మోటారు అదురు రికార్డుకు చేరదు, బయటి కుదుపూ చేరదు. స్కాట్లాండులో లిన్, ఇంగ్లండులో రీగా బెల్టు దారినే పట్టాయి. రీగా మాత్రం స్ప్రింగులు తీసేసి, తేలికగా, బిగుతుగా చేయడమే మేలంది. 1970లో జపాన్‌లో మత్సుషిటా కంపెనీ టెక్నిక్స్ పేరుతో మూడో జవాబు ఇచ్చింది. మోటారు ఇరుసు మీదే పళ్లెం. 1972లో వచ్చిన ఎస్‌ఎల్-1200ను ఇళ్ల కోసం చేశారు, డీజేలు ఎత్తుకుపోయారు. 2010లో ఆపేసి, 2016లో మళ్లీ మొదలుపెట్టినప్పుడు పరిమిత సంఖ్యలో తెచ్చిన మోడల్‌కి అమెరికాలో పెట్టిన ధర 4,000 డాలర్లు.

లిన్ అధిపతి ఐవర్ టీఫెన్‌బ్రన్ అప్పట్లో ఒక వాదం లేవదీశాడు. ఆడియో వ్యవస్థలో అన్నిటికన్నా ముఖ్యం టర్న్‌టేబులే, మూలంలో పోయినదాన్ని స్పీకర్ తిరిగి తేలేదు అని. అంతకుముందు అందరూ స్పీకరే ప్రధానమనుకునేవారు. వాదంలో తర్కం ఉంది, కాదనలేం. కానీ టర్న్‌టేబుళ్లు అమ్మే మనిషి నోట వచ్చిన తర్కమని కూడా గుర్తుంచుకోవాలి. బరువు, వేగం, ముల్లు సరిగ్గా ఉన్న రెండు యంత్రాల మధ్య తేడా కన్నా, రెండు జతల స్పీకర్ల మధ్య తేడా చాలా పెద్దగా వినిపిస్తుంది. మొదటిసారి కొనేవాళ్లు మొత్తం ఖర్చులో సగానికి మించి టర్న్‌టేబుల్ మీద పెట్టవద్దన్నది నా సలహా. బెల్టు, డైరెక్టు విషయానికొస్తే, చెవికన్నా అలవాటుకు సంబంధించిన తేడాలు ఎక్కువ. బెల్టు కొన్నేళ్లకు సాగుతుంది, మార్చుకోవాలి. మన ఎండలకు ఇంకాస్త ముందే. డైరెక్టుకు ఆ బాధ లేదు, బొత్తాం నొక్కగానే వేగం అందుకుంటుంది, 45కి 33కి మధ్య మారడానికి పళ్లెం ఎత్తక్కర్లేదు. ఒక వైపు ఈపీలు, ఒక వైపు ఎల్పీలు మార్చి మార్చి వేసుకునే ఇంట్లో ఇది చిన్న సంగతి కాదు.

కొత్తగా కొన్నవాళ్లు ఎక్కువగా తడబడేది ఫోనో ప్రీయాంప్ దగ్గర. కార్ట్రిడ్జ్ నుంచి వచ్చే కరెంటు మూడు నుంచి ఐదు మిల్లీవోల్టులు. సీడీ ప్లేయర్ ఇచ్చేది రెండు వోల్టుల దాకా, అంటే వందల రెట్లు. పెంచడం ఒక్కటే చాలదు. రికార్డు కోసేటప్పుడు కింది స్థాయి నాదాన్ని తగ్గించి, పై స్థాయిని పెంచి కోస్తారు. తగ్గించకపోతే గాడులు మరీ వెడల్పై ఎల్పీ మీద పాటలు పట్టవు. పెంచకపోతే గరగరలో మునిగిపోతాయి. ఎంత తగ్గించాలి, ఎంత పెంచాలి అన్న లెక్కను అమెరికా రికార్డు కంపెనీల సంఘం ఆర్‌ఐఏఏ 1954లో ఖాయం చేసింది. ఆ లెక్కను తిరగేసి పాటను మళ్లీ సమం చేసేదే ఫోనో ప్రీయాంప్. పాత యాంప్లిఫయర్లలో ‘ఫోనో’ అని రాసి ఉన్న గుంటలు దీనికే. సీడీల కాలంలో చాలా కంపెనీలు దాన్ని తీసేశాయి. ఇప్పుడు టర్న్‌టేబుళ్లలోనే ప్రీయాంప్ పెట్టి, ఫోనో, లైన్ అని వెనక ఒక స్విచ్ ఇస్తున్నారు. కొత్త యంత్రం తెచ్చి బిగించిన రోజు పాట పీలగా, ఎక్కడో దూరం నుంచి వినిపిస్తే ప్రీయాంప్ ఎక్కడా లేనట్టు. బొంయ్‌మంటూ పగిలిపోతుంటే రెండు చోట్లా ఉన్నట్టు. షాపుకు ఫోన్ చేసేముందు ఆ స్విచ్ జరిపి చూడండి. హమ్ వస్తుంటే సన్నని ఎర్త్ తీగ బిగించారా లేదా చూడాలి. ఎర్త్ తీగ అవసరమైన యంత్రాల్లో అదొక్కటి మరిచిపోతే చాలు, హమ్ మొదలవుతుంది.

బ్లూటూత్ టర్న్‌టేబుళ్ల గురించి అడిగితే నా జవాబు కాస్త కటువుగా ఉంటుంది. గాడిలోంచి తీసిన నాదాన్ని డిజిటల్‌గా కుదించి గాల్లో పంపాలనుకుంటే, ఆ పాట ఫోన్‌లోనే దొరుకుతుంది. ఫోన్‌లో దొరకని రికార్డులున్నవాళ్ల సంగతి వేరు. మన నాటక పద్యాల ప్లేట్లలో అలాంటివి చాలా ఉన్నాయి. అయితే వాళ్లకు కావలసింది యూఎస్‌బీ. కంప్యూటర్‌కి తగిలించి ఒక్కసారి ఎక్కించుకుంటే అసలు ప్లేటును మళ్లీ మళ్లీ తిప్పక్కర్లేదు.

యంత్రాన్ని ఎక్కడ పెడతారన్నది చాలా సమీక్షల్లో ఒక్క వాక్యంతో ముగుస్తుంది. నిజానికి ఆ చోటుకు యంత్రం ధరంత విలువ ఉంది. ఇంగ్లండు, అమెరికా పత్రికల్లో అడుగు వేస్తే ముల్లు ఎగరడం గురించి పేజీలకు పేజీలు రాస్తారు. అక్కడి ఇళ్లలో కింద చెక్క నేల కాబట్టి. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో చెక్క ఇంట్లో ఉండే తెలుగువాళ్లకు గోడకు బిగించిన అర బాగా పనికొస్తుంది. హైదరాబాదు, విజయవాడ ఇళ్లలో కింద కాంక్రీటు స్లాబు, ఆ బెడద చాలా తక్కువ. మన శత్రువు దుమ్ము. ఫ్యాను కింద తెరిచి పెట్టిన రికార్డు మీద ఒక్క పూటలో పొర పేరుకుంటుంది, కాబట్టి మూత లేని టర్న్‌టేబుల్ ఎంత అందంగా ఉన్నా మనకు వద్దు. స్పీకర్లూ టర్న్‌టేబులూ ఒకే బల్ల మీద ఉండకూడదు. స్పీకర్ అదురు ముల్లుకు చేరి, ముల్లు నుంచి మళ్లీ స్పీకర్‌కు చేరి, వాల్యూమ్ పెంచినప్పుడు హోరు పుడుతుంది. తాపీమేస్త్రీలు వాడే రసమట్టం చిన్నది ఒకటి తెచ్చి పళ్లెం మీద పెట్టి, రెండు దిక్కులా సమంగా ఉందో లేదో చూస్తే సగం సెట్టింగు అయిపోయినట్టే.

రికార్డులు తుడవడం గురించి ఒకే హెచ్చరిక. ఎల్పీలను శుభ్రం చేసే ద్రవాల్లో కొన్నిట్లో ఆల్కహాల్ ఉంటుంది. వాటిని 78ల మీద వాడకండి. వడ్రంగులు లక్కను స్పిరిట్‌లో కరిగించే పాలిష్ పెడతారు. 78 ప్లేటు కూడా లక్కే.

అమెరికా నుంచి తెప్పించుకుంటే చవక కదా అని చాలామందికి అనిపిస్తుంది. అక్కడి నుంచి వచ్చే బంధువు సూట్‌కేసులో చోటు కూడా ఉంటుంది. ఇక్కడ ఒక చిక్కుంది. అక్కడ కరెంటు 120 వోల్టులు, 60 హెర్ట్జ్. మనది 230 వోల్టులు, 50 హెర్ట్జ్. వోల్టేజీ తగ్గించడానికి ట్రాన్స్‌ఫార్మర్ దొరుకుతుంది, హెర్ట్జ్‌ను అది మార్చలేదు. కరెంటు పౌనఃపున్యాన్ని బట్టి తిరిగే ఏసీ మోటారు యంత్రమైతే 33⅓ బదులు నిమిషానికి 27.8 చుట్లే తిరుగుతుంది. పాట మూడు స్వరస్థానాలు కిందికి దిగిపోతుంది. ఎమ్మెస్ గొంతు మగ గొంతుకు దగ్గరవుతుంది. డీసీ మోటారు, బయటి అడాప్టర్ ఉన్న నేటి యంత్రాల్లో చాలావాటికి ఈ సమస్య లేదు. అడాప్టర్ మీద 100–240 వోల్టులు అని రాసి ఉందో లేదో ముందే ఫోటో తీసి పంపమనండి. పాత యంత్రాలు తెచ్చుకునేటప్పుడు మాత్రం మోటారు సంగతి తెలియకుండా డబ్బు కట్టకూడదు.

పాతవంటే గుర్తొచ్చింది. హైదరాబాదు జుమ్మెరాత్ బజార్లోనో ఎర్రగడ్డ ఆదివారం సంతలోనో పాత ప్లేయర్ కనిపిస్తే చెయ్యి ఊరుకోదు. అందానికి కొనుక్కోండి, తప్పులేదు. వినడానికి కొనేటప్పుడు కొన్ని చూడాలి. చెయ్యిని రెండు వేళ్లతో పట్టుకుని సున్నితంగా అటూ ఇటూ కదిపితే లోపల వదులు తెలియకూడదు. పళ్లేన్ని చేత్తో తిప్పి వదిలితే చప్పుడు లేకుండా చాలాసేపు తిరగాలి. రబ్బరు చక్రమున్న యంత్రమైతే ఆ రబ్బరు గట్టిపడి ఉంటే చుట్టు చుట్టుకూ టక్కుమంటుంది. ముల్లు ఇప్పటికీ దొరుకుతుందా అన్నది అన్నిటికన్నా ముఖ్యం. దొరకదంటే అది అలంకారమే. వేగం కొలవడానికి గీతల చక్రం అచ్చు వేసుకుంటే మన 50 హెర్ట్జ్‌కి 33⅓ దగ్గర 180 గీతలుండాలి. అమెరికా వాళ్ల చక్రంలో 216 ఉంటాయి, దానితో ఇక్కడ కొలిస్తే బాగున్న యంత్రం కూడా తప్పు చూపిస్తుంది. పైగా ఎల్‌ఈడీ బల్బు కింద గీతలు సరిగా నిలవవు, చోకు ఉన్న పాత ట్యూబ్‌లైటు కావాలి. అంత అవస్థ వద్దనుకుంటే వేగం చూపే ఫోన్ యాప్‌లున్నాయి.

వాడిన ఎస్‌ఎల్-1200 మార్క్ 2 మంచి స్థితిలో దొరికితే, కొత్త మధ్యరకం యంత్రం కన్నా అదే నయమనేవాళ్లతో నేను ఏకీభవిస్తాను. డీజేల చేతిలో నలిగినది మాత్రం వద్దు.

ఇక కొత్తవాటిలో పేర్లు. ఆడియో టెక్నికా ఏటీ-ఎల్‌పీ60ఎక్స్ చవకది. బొత్తాం నొక్కితే చెయ్యి తానే లేచి రికార్డు మీద దిగుతుంది, వైపు అయిపోగానే తానే వెనక్కి వస్తుంది. బరువు మూడు గ్రాముల ప్రాంతంలో స్థిరం, మార్చలేం, కార్ట్రిడ్జూ మార్చలేం. ముల్లు మార్చవచ్చు. ఆడియో అభిమానులు దీన్ని చిన్నచూపు చూస్తారు, అది న్యాయం కాదు. చేతులు వణికే వయసులో సుప్రభాతం వినాలనుకునే పెద్దవాళ్లున్న ఇంటికి దీనికి మించినది నాకు తట్టదు. సూట్‌కేసు ప్లేయర్ బదులు కనీసం దీన్ని కొనమని ఎవరికైనా చెబుతాను.

అదే కంపెనీ ఏటీ-ఎల్‌పీ120ఎక్స్‌యూఎస్‌బీ 2019లో వచ్చింది. డైరెక్ట్ డ్రైవ్, మూడు వేగాలు, బరువు సర్దుకునే చెయ్యి, లోపలే ప్రీయాంప్, యూఎస్‌బీ. కార్ట్రిడ్జ్ వీఎం95ఈ, దానికి 78 ముల్లు కూడా విడిగా దొరుకుతుంది. అది పెట్టినప్పుడు బరువు దాని లెక్క ప్రకారం మళ్లీ సర్దుకోవాలి. మెరుపులేని, డీజే యంత్రాన్ని పోలిన రూపం. అయినా మూడు రకాల రికార్డులూ కలగలిసిన తెలుగింటికి మొదటి యంత్రంగా నేను చెప్పేది ఇదే.

ఎల్పీలే ఉండి, 78ల గొడవ లేకపోతే రీగా ప్లానర్ 1 వైపు చూడవచ్చు. 2016లో వచ్చిన ఈ మోడల్ సెట్టింగు పిల్లాడు కూడా చేయగలడు. చెయ్యి వెనక బరువును చివరిదాకా తోస్తే సరిపోతుంది. 45కి మారాలంటే పళ్లెం ఎత్తి బెల్టు జరపాలి, ఈపీలు ఎక్కువున్నవాళ్లకు విసుగు పుడుతుంది. ఆస్ట్రియా కంపెనీ ప్రో-జెక్ట్ వారి డెబ్యూ కార్బన్ ఈవీఓలో వేగం బొత్తాంతో మారుతుంది, పాదాలు సర్దుకోవచ్చు, కార్ట్రిడ్జ్ కోణాలు కూడా సవరించుకోవచ్చు. సర్దుకోవడం ఇష్టమైన చేతులకు అది, ఇష్టం లేనివాళ్లకు రీగా. రెండింటి నాదం గురించి పత్రికల్లో రాసినంత తేడా నాకు వినపడలేదు. రెండింటికీ ప్రీయాంప్ విడిగా లెక్కవేసుకోవాలి. డబ్బుకు వెనకాడనివాళ్లకు టెక్నిక్స్ ఎస్‌ఎల్-1500సి ఉంది. 1200 మోటారు కుటుంబం, డీజే హంగులు లేవు, ప్రీయాంప్ లోపలే, వైపు అయిపోగానే చెయ్యి తానే లేస్తుంది. మొదటి యంత్రంగా ఇది కొన్నవాళ్లకు రెండో యంత్రం అవసరం రాకపోవచ్చు.

పాత సినిమా పాటల ఈపీలే ఎక్కువగా వినేవాళ్లు యాంప్లిఫయర్ కొనేటప్పుడు ‘మోనో’ బొత్తాం ఉందేమో చూసుకోండి. ఆ రికార్డుల్లో చాలావరకు మోనోవే. స్టీరియో కార్ట్రిడ్జ్ వాటి గాడిలోని నిలువు అదురును కూడా నాదంగా పట్టుకుని గరగరగా వినిపిస్తుంది. మోనో నొక్కగానే అందులో మంచి భాగం మాయమవుతుంది. వేల రూపాయల కేబుల్ మార్చినా రాని మార్పు ఇది. ఈ బొత్తాం పాత యాంప్లిఫయర్లలో సర్వసాధారణం, కొత్తవాటిలో వెతకాలి.

కొన్న తర్వాత మొదట ఖర్చు పెట్టవలసింది ముల్లు మీద. వీఎం95ఈ అండాకారపు ముల్లుకు కంపెనీ చెప్పే ఆయువు 300 గంటలు. నలభై నిమిషాల ఎల్పీ లెక్కన 450 రికార్డులు, రోజుకొకటి వింటే ఏడాదిన్నర కూడా నిండదు. అరిగిన ముల్లు అరిగినట్టు ఒక్కసారిగా తెలియదు, రికార్డును మాత్రం తెలియకుండానే కోస్తుంది. కాబట్టి పక్కన ఒక చిన్న పుస్తకంలో లెక్క రాసుకోవడం మేలు. ఆ గడువు వచ్చినప్పుడు అదే కార్ట్రిడ్జ్‌కి ఇంకా సన్న మొన గల మైక్రోలీనియర్ ముల్లు కొనండి. ధర ఎక్కువే, ఆయువు 1,000 గంటలు, వైపు చివరి పాటలోని బుస చాలావరకు తగ్గుతుంది. మార్చడానికి స్క్రూడ్రైవర్ కూడా అక్కర్లేదు. పాత ముల్లును మెల్లగా కిందికి వంచి లాగితే ఊడివస్తుంది, కొత్తది అదే గుంటలో టక్కున కూర్చుంటుంది.